చిన్న పగడాల తొట్టికి ఎంత వెలుగు కావాలి?

పగడం చూడటానికి మొక్కలాగో రాయిలాగో కనిపించినా, జెల్లీఫిష్‌కూ సముద్రపు అనిమోన్‌కూ దగ్గరి చుట్టమైన జంతువు. దాని ఒంట్లో జూజాంథెల్లే అనే సూక్ష్మ శైవలాలు లక్షల సంఖ్యలో కాపురం ఉంటాయి. పగటిపూట అవి కిరణజన్య సంయోగక్రియ జరిపి చక్కెరలూ కొవ్వులూ తయారుచేస్తాయి, అందులో సింహభాగాన్ని పగడానికే ధారపోస్తాయి. ఎండ బాగా పడే లోతు తక్కువ సముద్రాల్లో పగడానికి కావలసిన శక్తిలో తొంభై శాతం దాకా ఈ దారినే వస్తుందని అంచనా. బదులుగా శైవలాలకు ఉండటానికి చోటూ, పగడం వదిలే వ్యర్థాల్లోని నత్రజని, భాస్వరాలూ దొరుకుతాయి. ఉప్పునీటి తొట్టిలో చేపలే ఉంటే ఏ బల్బు వెలిగించినా గడిచిపోతుంది. పగడాలు చేరిన క్షణం నుంచి లైటు వాటి తిండి కిందే లెక్క. అది చాలకపోతే పగడం నెలల తరబడి మెల్లగా చిక్కిపోతుంది. మోతాదు మించితే కొద్ది రోజుల్లోనే తెల్లబడుతుంది.

ఆ తెల్లబడటం వెనక ఉన్న సంగతి తెలిస్తే లైటు కొనేటప్పుడు చెయ్యి కాస్త వెనక్కి వస్తుంది. వెలుగు పెరిగేకొద్దీ శైవలాల పని ఒక హద్దు వరకూ పెరుగుతుంది, ఆ తర్వాత పెరగదు. అక్కడి నుంచి అదనంగా పడే ప్రతి కిరణమూ వాటికి భారమే. వాడుకోలేని శక్తి వల్ల కణాల్లో హానికరమైన ఆక్సిజన్ రూపాలు పోగవుతాయి, కిరణజన్య సంయోగక్రియ జరిపే యంత్రాంగం దెబ్బతింటుంది. చివరికి పగడం తన శైవలాలను తానే బయటికి గెంటేసి తెల్లబడుతుంది. నీటి వేడి కూడా ఎక్కువగా ఉంటే ఇది మరింత త్వరగా జరుగుతుంది. ముప్పై నలభై సెంటీమీటర్ల లోతు కూడా లేని చిన్న తొట్టిలో శక్తిమంతమైన ఎల్ఈడీ పెట్టినవారు ఎదుర్కొనే చిక్కు చాలావరకు ఇదే. బజారులో దొరికే లైట్లలో ఎక్కువ భాగం పెద్ద తొట్టెల కోసం చేసినవి. చిన్న తొట్టి యజమాని భయపడవలసింది వెలుగు కొరతకంటే దాని అతికే.

ఎంత వెలుగు అన్నదానికి ముందు ఎలాంటి వెలుగు అన్నది తేలాలి. సముద్రపు నీరు రంగులన్నిటినీ ఒకేలా లోపలికి పోనివ్వదు. ఎరుపును పైపైనే మింగేస్తుంది. స్వచ్ఛమైన నీటిలో కూడా పది మీటర్లు దిగేసరికి ఎరుపు దాదాపు మిగలదు. నీలం మాత్రం ఆ లోతులో పెద్దగా తరగదు, ఇంకా కిందికి పోతూనే ఉంటుంది. లక్షల ఏళ్లుగా ఈ నీలిరంగు వెలుగులో బతికిన పగడాల శైవలాలు దానికే అలవాటు పడ్డాయి. వాటిలోని క్లోరోఫిల్ ఎ, సి అనే వర్ణకాలు 430 నుంచి 460 నానోమీటర్ల ప్రాంతంలో వెలుగును బలంగా పట్టుకుంటాయి. పెరిడినిన్ అనే మరో వర్ణకం నీలి ఆకుపచ్చ వైపు ఉన్న వెలుగును కూడా పనికి తెస్తుంది. నీరు తేటగా లేకపోతే ఈ లెక్కంతా తారుమారవుతుంది. గోదావరి, కృష్ణ వంటి నదులు మంచినీటినీ ఒండ్రునూ తెచ్చి కలిపే ఆంధ్ర తీరంలో లక్షద్వీప్, అండమాన్ దీవుల్లో, మన్నార్ సింధుశాఖలో ఉన్నట్టు పెద్ద పగడపు దిబ్బలు లేకపోవడానికి వెలుగును అడ్డగించే ఆ మురికి కూడా ఒక కారణం.

అందుకే పగడాల లైట్లలో నీలానిదే పెద్దపీట. మంచి లైటులో 445 నుంచి 455 నానోమీటర్ల మధ్య వెలిగే రాయల్ బ్లూ చిప్పులు ఎక్కువగా ఉంటాయి. వాటికి తోడు 470 ప్రాంతపు మామూలు నీలం, 405 నుంచి 420 మధ్య ఊదారంగు, కొన్ని తెల్ల చిప్పులు ఉంటాయి. నిజానికి తెల్ల ఎల్ఈడీ లోపల ఉండేదీ నీలి చిప్పే. దానిమీద పూసిన పసుపు ఫాస్ఫర్ కొంత నీలాన్ని మింగి మిగతా రంగులుగా వెదజల్లుతుంది. అందువల్ల తెలుపు కూడా పగడాలకు తిండే, వృథా కాదు. కానీ తొట్టిలో తెలుపు ప్రధానంగా మనిషి కంటి కోసం. ఉత్త నీలి వెలుగులో చేప రంగూ రాయి రంగూ సరిగా తెలియవు, నాచు ఎక్కడ పట్టిందో కూడా కనిపించదు. కొన్ని లైట్లలో ఎరుపు, ఆకుపచ్చ చిప్పులు కూడా ఇస్తారు. వాటిని చాలా తక్కువలో ఉంచినా, పూర్తిగా ఆర్పేసినా పగడాలకు లోటేమీ ఉండదు.

నీలి వెలుగుకు ఇంకో ఆకర్షణ ఉంది. చాలా పగడాల్లో మెరిసే ప్రొటీన్లు ఉంటాయి. ఇవి నీలాన్ని పీల్చుకుని ఆకుపచ్చ, నారింజ, ఎరుపు రంగుల్లో తిరిగి వెలువరిస్తాయి. 1962లో ఒసాము షిమోమురా ఒక జెల్లీఫిష్‌లో కనుగొన్న ఆకుపచ్చ ప్రొటీన్ ఈ కుటుంబానిదే, దానికి సంబంధించిన పరిశోధనకే 2008లో రసాయనశాస్త్ర నోబెల్ దక్కింది. పగటి వెలుతురులో మట్టిరంగులో కనిపించే జోవాంథిడ్ అనే మెత్తటి జీవాల గుంపుమీద 450 నానోమీటర్ల వెలుగు పడితే, అందులోని ఒక్కో జీవి, అంటే పాలిప్, మధ్యలో నారింజ వలయం, చుట్టూ ఆకుపచ్చ అంచు నిప్పురవ్వల్లా తేలుతాయి. దుకాణాలు తమ తొట్టెలమీద ఉత్త నీలం వెలిగించి ఉంచేది ఇందుకే. కొనేముందు తెల్ల లైటు వేయమని అడిగి చూడటం మంచిది. పాలిపోయిన పగడం కూడా నీలంలో అందగత్తెలాగే కనిపిస్తుంది.

ఎల్ఈడీలకు ముందు పగడాల తొట్టెలమీద మెటల్ హాలైడ్ దీపాలూ, టీ5 ట్యూబులూ రాజ్యమేలాయి. మెటల్ హాలైడ్ వెలుగు అచ్చం ఎండలా ఉండేది, వేడీ అలాగే ఉండేది. చిన్న తొట్టిమీద పెడితే నీరు కాగిపోయేది. టీ5 వెలుగు సమంగా పరుచుకునేది గాని, ట్యూబులను ఏడాదికోసారి మార్చకపోతే రంగు మారిపోయేది. 1990ల మొదట్లో జపాన్‌లో షుజీ నకమురా కాంతిమంతమైన నీలి ఎల్ఈడీని సాధించాక అసలు దారి తెరుచుకుంది. ఆ నీలి ఎల్ఈడీకే ఇసాము అకసాకి, హిరోషి అమనోలతో కలిపి ఆయనకు 2014 భౌతికశాస్త్ర నోబెల్ ఇచ్చారు. పగడానికి కావలసింది నీలమే. నీలాన్ని నేరుగా, తక్కువ కరెంటుతో ఇచ్చే దీపం ఎల్ఈడీయే. ఈ రెండూ ఇంత చక్కగా కుదరడంతో అరచేతిలో పట్టే లైటుతో చిన్న తొట్టిలో పగడాలు పెంచడం మామూలు ఇళ్లకు కూడా సాధ్యమైంది.

లైటు పెట్టెమీద అచ్చేసే అంకెల్లో చాలావరకు పగడానికి సంబంధించినవి కావు. వాట్ల అంకె లైటు తాగే కరెంటును చెబుతుంది, ఇచ్చే వెలుగును కాదు. పైగా చవక లైట్లలో ‘3 వాట్ల చిప్పులు 55, మొత్తం 165 వాట్లు’ అని రాసి ఉన్నా, ప్లగ్గు దగ్గర కొలిస్తే అందులో మూడింట రెండొంతులే తేలవచ్చు. ల్యూమెన్, లక్స్ మనిషి కంటిని బట్టి పెట్టుకున్న కొలతలు. కన్ను 555 నానోమీటర్ల దగ్గర, అంటే పచ్చటి వెలుగుకు బాగా స్పందిస్తుంది, నీలాన్ని తక్కువ చేసి చూస్తుంది. అందువల్ల పగడానికి సరిపడా నీలం ఇచ్చే లైటు ల్యూమెన్ లెక్కలో పేదదిగా కనిపిస్తుంది. 10,000 కెల్విన్, 20,000 కెల్విన్ అనే అంకెలు వెలుగు ఎంత నీలంగా కనిపిస్తుందో మాత్రం సూచిస్తాయి.

పనికొచ్చే కొలత పార్. 400 నుంచి 700 నానోమీటర్ల మధ్య ఉన్న ఫోటాన్లు ఒక చదరపు మీటరుమీద సెకనుకు ఎన్ని పడుతున్నాయో ఇది మైక్రోమోల్స్‌లో చెబుతుంది. నిర్మలమైన మిట్టమధ్యాహ్నం సముద్రం పైన ఇది సుమారు 2,000 ఉంటుంది. తొట్టిలో అంత అక్కర్లేదు. మష్రూమ్ పగడాలకు 50 చుట్టుపక్కల ఉన్నా చాలు. జోవాంథిడ్లు, లెదర్ పగడాలు, జీనియా 75 నుంచి 150 మధ్య హాయిగా పెరుగుతాయి. టార్చ్, హ్యామర్ వంటి పెద్ద పాలిప్‌ల గట్టి పగడాలకూ ఇంచుమించు అంతే. కొమ్మలు కొమ్మలుగా ఎదిగే ఆక్రోపోరా వంటి వాటికి మాత్రం 200 నుంచి 350 దాకా కావాలి. ఇవి పెంపకందారుల అనుభవంలో తేలిన పరిధులు, గీత గీసినట్టు ఖచ్చితమైనవి కావు.

మన దేశంలో ఈ ఎంపికను చట్టం కూడా కొంత తేల్చేస్తుంది. వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 మొదటి షెడ్యూలులో దిబ్బలు కట్టే గట్టి పగడాలు, నల్ల పగడాలు, ఆర్గన్ పైప్ పగడం, ఫైర్ కోరల్, సీ ఫ్యాన్లు ఉన్నాయి. మన సముద్రాల నుంచి వీటిని తీయడం, అమ్మడం నేరం. విదేశాల నుంచి వచ్చే గట్టి పగడాలు కూడా సైటిస్ అంతర్జాతీయ ఒప్పందం రెండో అనుబంధంలో ఉన్నాయి కాబట్టి కాగితాలు లేని సరుకు జోలికి వెళ్లకూడదు. అందువల్ల చిన్న తొట్టి మొదలుపెట్టేవారికి మష్రూమ్‌లు, జోవాంథిడ్ల వంటి మెత్తటి జీవాలే తగిన దారి. వీటికి ఆక్రోపోరాకు కావలసిన వెలుగులో సగం కూడా అవసరం లేదు. లైటు ఖర్చు అక్కడే సగానికి పైగా తగ్గుతుంది.

ఒక తొట్టిని లెక్కకు తీసుకుందాం. పొడవు 60, వెడల్పు 30, ఎత్తు 36 సెంటీమీటర్లు. ఇసుక, రాళ్లు పోను సుమారు 50 లీటర్ల నీరు పడుతుంది. పైనుంచి చూస్తే దాని వైశాల్యం 0.18 చదరపు మీటర్లు. రాళ్ల నడుమ సగటున 120 పార్ కావాలనుకుంటే, సెకనుకు 22 మైక్రోమోల్స్ ఫోటాన్లు నీటిలోకి చేరాలి. ఒక మాదిరి మంచి ఎల్ఈడీ లైటు ఒక్కో వాట్‌కు సుమారు 1.5 మైక్రోమోల్స్ ఇస్తుంది. ఏదీ వృథా కాకపోతే 15 వాట్లు చాలన్నమాట. కానీ కొంత వెలుగు తొట్టి బయట పడుతుంది, కొంత నీటి పైపొర నుంచి వెనక్కి తిరుగుతుంది, లెన్స్ కొంత మింగుతుంది. సగం పోయిందనుకున్నా 30 వాట్ల లైటుతో పని జరిగిపోతుంది. రోజుకు తొమ్మిది గంటలు వెలిగినా నెలకు ఎనిమిది యూనిట్ల కరెంటు. ఇదే తొట్టిమీద 165 వాట్ల పెట్టె వేలాడదీసి దాన్ని ఇరవై శాతంలో నడుపుతున్నవారు చాలామందే ఉన్నారు. నడపడంలో తప్పేమీ లేదు, డబ్బే దండగ. పైగా ఎవరో ఒకరి చెయ్యి తగిలి మీట నూరు శాతానికి జరిగిందంటే తొట్టిలో ఒక్క రోజులో జరిగే నష్టం అంతా ఇంతా కాదు.

శక్తి తేలాక ఆకారం చూడాలి. చిన్న తొట్టెలకు రెండు రకాలు ఎక్కువగా వాడతారు. ఒకటి పొడవాటి బార్, రెండోది తొట్టి మధ్యన స్టాండుకు తగిలించే గుండ్రటి లేదా చదరపు దిమ్మ. 45 సెంటీమీటర్ల చదరపు తొట్టికి దిమ్మ చక్కగా సరిపోతుంది. 60 సెంటీమీటర్ల పొడవున్న తొట్టిమీద దిమ్మ పెడితే మధ్యన వెలుగు దట్టంగా, రెండు చివర్లా పలుచగా ఉంటుంది. దీన్ని లోపంగానే చూడనక్కర్లేదు. వెలుగు ఎక్కువ కోరే జీవాలను మధ్య రాయి పైన, మష్రూమ్‌లను అంచుల్లో పెట్టుకోవచ్చు. బార్ వెలుగు సమంగా పరుచుకుంటుంది, నీడలు తక్కువ. అయితే నీటి అలలు ఇసుకమీద గీసే కదిలే వెలుగు వలలు బార్ కింద అంతగా రావు. ఆ సొగసు ఒకే బిందువు నుంచి వచ్చే వెలుగుకే సాధ్యం.

దిమ్మ కొనేటప్పుడు దాని అడుగు భాగాన్ని దగ్గరగా పరికించాలి. చిప్పులు ఒకదానికొకటి ఎడంగా, ప్రతిదానికీ విడి లెన్స్‌తో ఉంటే ఇసుకమీద ఒకచోట ఎర్రటి చుక్క, పక్కన ఆకుపచ్చ చుక్క విడివిడిగా పడి నాట్యం చేస్తుంటాయి. అన్ని రంగుల చిప్పులనూ ఒకే గుత్తిగా దగ్గరికి చేర్చి, పైన ఒకటే గాజు లేదా పాలరంగు డిఫ్యూజర్ అమర్చినవాటిలో ఈ గోల తక్కువ. లెన్స్ కోణం కూడా ముఖ్యమే. ఇరుకైన లెన్సులు వెలుగును లోతుకు దూర్చడానికి చేసినవి, 60 సెంటీమీటర్ల లోతు దాటిన తొట్టెలకు పనికొస్తాయి. లోతు తక్కువ తొట్టిలో అవి ఒకే రాయిని మాడుస్తాయి. 90 నుంచి 120 డిగ్రీల వెడల్పు కోణం చిన్న తొట్టికి నప్పుతుంది. లైటును నీటికి 15 నుంచి 25 సెంటీమీటర్ల ఎత్తులో ఉంచితే రంగులు బాగా కలుస్తాయి. ఎత్తు పెంచితే పార్ తగ్గుతుంది, పరిధి పెరుగుతుంది. అందుకని ఎత్తు మార్చుకోగల స్టాండు ఉన్న లైటునే ఎంచుకోవడం మేలు.

నీలానికీ తెలుపుకూ వేర్వేరు డిమ్మర్లు ఉండి తీరాలి. రెండు ఛానళ్లతో పని సాగిపోతుంది. ఆరేడు ఛానళ్లు, ఫోన్ యాప్, మబ్బుల వేళను, ఉరుముల వెలుగును అనుకరించే విద్యలు వినోదానికే. వాటికంటే లైటు చల్లబడే పద్ధతిమీద దృష్టి పెట్టడం తెలివైన పని. ఎల్ఈడీ వెలుగు చల్లగా ఉన్నా, తీసుకున్న కరెంటులో మిగిలినదంతా చిప్పు వెనక వేడిగా పోగవుతుంది. దాన్ని అల్యూమినియం రెక్కలు గాలిలోకి వదలాలి. మే నెలలో గది ఉష్ణోగ్రతే 35 దాటే ఊళ్లలో చిన్న ఫ్యాన్ ఉన్న లైటు సురక్షితం. దాని రొద పడకగదిలో చికాకు పెడుతుంది కాబట్టి కొనేముందు వినాలి. తొట్టిని మూతలాంటి హుడ్‌లో పూర్తిగా కప్పేస్తే వేడికి దారి ఉండదు. పగడాలకు 24 నుంచి 27 డిగ్రీల నీరు హితవు. వేసవిలో నీటి వేడి హద్దు దాటుతున్నప్పుడు లైటు మోతాదు కొంత తగ్గించి ఉంచడం పగడాలకు మేలే.

కొత్త లైటును ఒకేసారి పూర్తి శక్తితో వెలిగించకూడదు. తొట్టి కొత్తగా నింపి, బ్యాక్టీరియా కుదురుకునే మొదటి వారాల్లో పగడాలు ఎలాగూ ఉండవు, అప్పుడు లైటు పెడితే నాచే పండుతుంది. పగడాలు వచ్చాక మూడో వంతు శక్తితో మొదలుపెట్టి, వారానికి ఐదు శాతం చొప్పున పెంచుకుంటూ పోవడం సురక్షితమైన పద్ధతి. రోజుకు ఎనిమిది నుంచి పది గంటల వెలుగు, అందులో పొద్దుటా సాయంత్రమూ గంటేసి నీలం మాత్రమే, చాలు. రాత్రంతా నీలిదీపం వెలిగించి ఉంచే అలవాటు మానుకోవాలి. గ్రేట్ బారియర్ రీఫ్‌లో పగడాలు ఏటా పౌర్ణమి తర్వాతి రాత్రుల్లో సామూహికంగా అండాలూ శుక్రకణాలూ వదులుతాయి. వెన్నెలలాంటి మసక వెలుగును కూడా పసిగట్టే జీవులకు చీకటి చీకటిగానే ఉండాలి.

లైటు సరిపోతోందో లేదో కొన్ని వారాల్లో పగడాలే చెబుతాయి. వెలుగు చాలని జోవాంథిడ్లు కాడలు సాగదీసి పైకి ఎగబాకుతాయి, రంగు గోధుమ వైపు తిరుగుతుంది. దొరికిన కాస్త వెలుగునూ ఒడిసిపట్టడానికి పగడం శైవలాలను పెంచుకోవడమే ఆ గోధుమ రంగుకు కారణం. వెలుగు ఎక్కువైన మష్రూమ్ అంచులు ముడుచుకుని గిన్నెలా మారుతుంది, కొన్నిసార్లు రాయిని వదిలేసి నీడకు కొట్టుకుపోతుంది. రంగు వెలిసిపోవడం మరింత ముదిరిన దశ. లెదర్ పగడం మాత్రం అప్పుడప్పుడు పాలిప్‌లన్నీ మూసుకుని, మైనంలాంటి పొర వదిలించుకుంటూ కొన్ని రోజులు దిగాలుగా ఉంటుంది. అది దాని సహజ గుణం. కంగారుపడి లైటు మార్చేస్తే లేని చిక్కు తెచ్చుకున్నట్టే. ఏ మార్పు చేసినా రెండు మూడు వారాలు ఆగి చూడాలి.

కొలిచి తెలుసుకోవాలంటే పార్ మీటరు ఉంది, కానీ ఖరీదైనది. దాన్ని వాడేది నెలకు ఒక్కసారి కూడా ఉండదు కాబట్టి తోటి పెంపకందారుల దగ్గర అరువు తెచ్చుకోవడమే సబబు. పాత రకం మీటర్లు నీలాన్ని తక్కువగా చూపిస్తాయి, ఎల్ఈడీలకు పనికొచ్చే పూర్తి వర్ణపటపు సెన్సర్ ఉన్నదేనా అని చూసుకోవాలి. ఫోన్‌లోని లక్స్ యాప్ అంకెను పార్‌గా మార్చే సూత్రాలు చలామణిలో ఉన్నాయి. ఎండకు అయితే 54 లక్స్‌కు ఒక మైక్రోమోల్ అనే లెక్క పనిచేస్తుంది, నీలం నిండిన లైటుకు అది అసలు కుదరదు. నీరు పోయకముందు, ఖాళీ తొట్టిలో ఒకే లైటు కింద ఒక చోటును ఇంకో చోటుతో పోల్చి ఎక్కడ మసకగా ఉందో కనుక్కోవడానికి యాప్ సాయం తీసుకోవచ్చు, అంతవరకే.

ఉప్పునీటి పైన వేలాడే కరెంటు వస్తువు కాబట్టి లైటు వైరు కిందికి ఒంపు తిరిగి మళ్లీ పైకెక్కి ప్లగ్గును చేరాలి, అప్పుడు జారిన నీటిచుక్క ఆ ఒంపు దగ్గరే రాలిపోతుంది. సరైన ఎర్తింగ్, 30 మిల్లీ ఆంపియర్ల కరెంటు లీకైతే సరఫరాను తెంచేసే ఆర్‌సీసీబీ స్విచ్చు లేకుండా తొట్టిలో చెయ్యి పెట్టకూడదు. కరెంటు పోయినప్పుడు ఇన్వర్టరు కనెక్షన్ లైటుకు ఇవ్వనవసరం లేదు. నీటిని కదిలించే పంపుకు ఇవ్వాలి. పగడాలు ఒకటి రెండు రోజుల చీకటిని సునాయాసంగా ఓర్చుకుంటాయి. మొండి నాచును వదిలించడానికి పెంపకందారులే కావాలని మూడు రోజులు లైటు ఆర్పేస్తుంటారు. నీరు కదలకపోతే మాత్రం ఆక్సిజన్ గంటల్లో అడుగంటుతుంది.

బుడగలు పగిలి ఎగిరే తుంపర లెన్స్‌మీద పడి ఆరితే తెల్లటి ఉప్పు పేరుకుంటుంది, వెలుగులో కొంత భాగం అక్కడే ఆగిపోతుంది. వారానికోసారి లైటు ఆర్పి, చల్లారాక, మంచినీటిలో తడిపి పిండిన మెత్తని గుడ్డతో తుడిస్తే పోతుంది. ఎల్ఈడీ చిప్పుల ఆయుష్షు 50,000 గంటలని రాస్తారు, అంటే రోజుకు తొమ్మిది గంటల చొప్పున పదిహేనేళ్లు. లైటు మొత్తం అన్నేళ్లు ఉండదు. ముందుగా ఉప్పుగాలికి ఫ్యాన్ బేరింగు పట్టేస్తుంది, తర్వాత చిప్పులకు కరెంటు అందించే డ్రైవర్ పోతుంది, ఊదారంగు చిప్పులు మిగతావాటికంటే త్వరగా మసకబారుతాయి. ఫ్యాన్‌నూ డ్రైవర్‌నూ విప్పి మార్చుకునే వీలున్న లైటు ధర కాస్త ఎక్కువైనా, రిపేరుకు వీల్లేకుండా అతికించి మూసేసిన చవక లైటుకంటే అదే గిట్టుబాటు.